నాడీయంత్రము వచ్చిన తరువాత వైద్యుని చేయి ఎందుకు?

మణికట్టు మీద మూడు గుండీలవంటి సాధనములను అమర్చి, కొద్ది నిమిషములలో నాడీతరంగములను కంప్యూటరు తెరపై గీసి, వాత పిత్త కఫముల పాళ్ళను అచ్చువేసి ఇచ్చే యంత్రములు మన ఊళ్ళకు కూడా వచ్చినవి. తిరుపతిలో నా వైద్యశాలకు వచ్చే వారిలో కొందరు ఆ కాగితములను ముందుగానే చేతబట్టుకొని వచ్చుచున్నారు. మరికొందరు సెల్‌ఫోనులో కృత్రిమ మేధను అడిగి, అది చెప్పిన కషాయము పేరు వ్రాసుకొని వచ్చుచున్నారు. "ఇక మీకు పనేముంది?" అని హాస్యానికి అడిగేవారు ఉన్నారు. హాస్యము కాకుండా అడిగేవారూ ఉన్నారు. ఈ రెండవ రకము వారిలో ఆయుర్వేద కళాశాలలో పిల్లలను చదివించుచున్న తల్లిదండ్రులు ఎక్కువ. అయిదున్నర సంవత్సరములు చదివించిన తరువాత పిల్లవాని పనిని ఒక పెట్టె చేయునా అని వారి బెంగ. ఆ బెంగకు సమాధానము చెప్పవలెనని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

యంత్రము రాకూడదని నేను అనను. కొన్ని పనులలో అది మనిషికి తోడుగా ఉండుటయే కాక, మనిషికి బదులుగా కూడా ఉండవచ్చును. అయితే ఏ పనిని దానికి అప్పగించుచున్నామో, అందువలన మిగిలిన సమయము, సొమ్ము ఎవరి చేతికి పోవుచున్నవో చూడకుండా "తోడు" అనినా "బదులు" అనినా ఆ మాటలకు అర్థము లేదు.

నూట ఒక్క యంత్రములు

ఆయుర్వేదమునకు యంత్రమనిన భయము లేదు. సుశ్రుతుడు శస్త్రచికిత్సకు వాడవలసిన యంత్రములు 101 అని లెక్కించి, వాటి ఆకారములను, కొలతలను, ఉపయోగములను వివరించినాడు. వాటిలో అన్నిటికంటె ప్రధానమైనది చేయి అని కూడా ఆయనే చెప్పినాడు. మిగిలినవన్నీ చేతికి లోబడి పనిచేయునవే గదా! చేతిని యంత్రములలోనే లెక్కించి, వాటికి పెద్దగా నిలుపుట నాకు విద్యార్థి దశ నుండి ఎంతో నచ్చిన విషయము.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పినాడు: వైద్యుడు, ద్రవ్యము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత అనగా దగ్గర ఉండి పరిచర్య చేయువాడు. ఈతనికి ఉండవలసిన గుణములు సేవ చేయు విధానము తెలియుట, నేర్పు, రోగిపై అనురాగము, శుచి. కృత్రిమ మేధను ఈ నాలుగు పాదములలో ఎక్కడ కూర్చుండబెట్టవలెను? నా దృష్టిలో దాని చోటు ద్రవ్యము దగ్గర. మంచి మందువలె, మంచి సాధనమువలె అది తెలిసినవాని చేతిలో ఉండవలెను. వైద్యుని పీట దానికి పెద్దది. ఉపస్థాత పీట అంతకంటె పెద్దది. అక్కడ అనురాగము కూడా అడుగబడినది. ఆ సంగతి ముందు ముందు చెప్పెదను.

మా చిన్నతనమున చూర్ణములను రోటిలో దంచి, గుడ్డతో వడగట్టేవారు. రసౌషధములనైతే ఖల్వములో రోజుల తరబడి నూరేవారు. తరువాత పల్వరైజర్లు వచ్చినవి. తిరుమల తిరుపతి దేవస్థానముల వారి శ్రీనివాస ఆయుర్వేద ఫార్మసీ నరసింగాపురములో యంత్రములతోనే ఔషధములు తయారు చేయుచున్నది. దంచుట పోయినదని విచారించిన వైద్యుని నేను చూడలేదు. దంచిన చేతులకు కాసిన కాయలు చూచినవారెవరును విచారించరు. తైలపాకము మాట వేరు. కల్కమును వ్రేళ్ళ మధ్య నలిపిన వత్తివలె రావలెను. దానిని నిప్పులో వేసిన చిటపటలాడకూడదు. తైలమైన నురుగు పైకి రావలెను, ఘృతమైన నురుగు అణగవలెను. నేడు గంగాళమునకు ఉష్ణోగ్రత చూపే మీటరు బిగించుచున్నారు. అయినను నాకు తెలిసిన ఒక మందుల తయారీశాలలో పాకము చూచే పెద్దమనిషి ఆ మీటరును చూచి, ఆ తరువాత కల్కమును వ్రేళ్ళతో నలిపి, అప్పుడే మంట తీయమని చెప్పును. మీటరును ఆయన తీసివేయమనడు. తనను తీసివేయవలెనని యజమాని ఎన్నడూ అనుకొనలేదు.

నాడీయంత్రము ఎవరి శిష్యుడు?

నాడీయంత్రములకు మన దేశములో శాస్త్రీయమైన ప్రయత్నము చాలనాళ్ళ క్రిందటనే మొదలైనది. "నాడీ తరంగిణి" అను యంత్రమును గూర్చిన పరిశోధన పత్రము 2007లోనే వెలువడినది. బొటనవ్రేలి మూలమునకు దిగువన చూపుడు వ్రేలి క్రింద వాతము, నడిమి వ్రేలి క్రింద పిత్తము, ఉంగరపు వ్రేలి క్రింద కఫము అను సంప్రదాయము ననుసరించి, మూడు చోట్ల ఒత్తిడిని కొలిచే గ్రాహకములను ఉంచి తరంగములను గ్రహించుట దీని పద్ధతి. ఇందులో మెచ్చుకొనదగినది నిశ్చయముగా కలదు. వ్రేలు తెలుసుకొన్నదానిని కాగితము మీద పెట్టలేము. నెల క్రిందటి నాడికి, నేటి నాడికి గల భేదము వైద్యుని జ్ఞాపకములో మాత్రమే ఉండేది. యంత్రము దానిని గీతగా భద్రపరచును.

అయితే ఆ గీతకు అర్థము చెప్పుట ఎవరు నేర్పిరి? నాడీపరీక్ష చరకములో గాని, సుశ్రుతములో గాని లేదు. శార్ఙ్గధర సంహితలో వివరముగా కనబడును. మన తెలుగు వైద్యులకు పూజ్యమైన బసవరాజీయము నాడితోనే ఆరంభమగును. వాతనాడి జలగవలె, పామువలె. పిత్తనాడి కాకివలె, కప్పవలె. కఫనాడి హంసవలె, పావురమువలె నడచునని పెద్దలు చెప్పిరి. యంత్రమునకు కప్ప తెలియదు, హంస తెలియదు. కనుక అనుభవజ్ఞులైన వైద్యులు అనేకుల నాడులు చూచి "ఇది వాతము, ఇది పిత్తము" అని పేర్లు పెట్టవలెను. ఆ పేర్లను, తరంగములను జతచేసి మరల మరల చూపగా యంత్రము పోలికలు నేర్చుకొనును. కృత్రిమ మేధ అను పేరు పెద్దదే గాని, ఇక్కడ జరుగునది గురుశుశ్రూష వంటిదే. గురువులలో భేదాభిప్రాయమున్న అది శిష్యునికి కూడా వచ్చును. ఒకే వ్యక్తి నాడిని వేర్వేరు వైద్యులు చూచినపుడు ఏకాభిప్రాయము తక్కువగా ఉన్నదని డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చియున్నారు. మా వైద్యులకు రుచించని మాట ఇది. చేదైనను మ్రింగవలసినదే. నాడి ఒక్కటే చూచి సర్వరోగములు చెప్పెదమను వారిని, వారు మనుషులైనను, యంత్రములైనను, నేను నమ్మను.

మరియొక చిక్కు కలదు. భోజనము చేసిన వెంటనే, స్నానము చేసిన వెంటనే, ఆకలిదప్పులతో ఉన్నపుడు, ఎండలో తిరిగి వచ్చినపుడు, వ్యాయామముతో అలసినపుడు నాడి సరిగా తెలియదని శాస్త్రము. సాయంకాలము ఆరు గంటలకు బజారు పని చూచుకొని, రెండంతస్తులు మెట్లెక్కి, కాఫీ త్రాగి చేయి చాచినవాని నాడిని యంత్రము తప్పు లేకుండానే కొలుచును. అది కొలిచినది మెట్లను, కాఫీని కూడ కలిపి. "కాసేపు కూర్చోండి, నీళ్ళు తాగండి" అని అక్కడ ఎవరో ఒకరు చెప్పవలెను.

కేంద్ర ఆయుష్ శాఖవారు 2024 నవంబరులో ప్రారంభించిన ప్రకృతి పరీక్షా కార్యక్రమము ఈ విషయములో కొంత తెలివిగా నడిచినది. ప్రశ్నలు సెల్‌ఫోనులోని యాప్‌లోనివే. కాని శిక్షణ పొందిన వైద్యుడో, ఆయుర్వేద విద్యార్థియో ఎదుట కూర్చుండి అడుగునట్లు ఏర్పాటు చేసిరి. కొద్ది నెలలలో ఒక కోటికి పైగా జనులు తమ ప్రకృతి తెలుసుకొనిరి. అంతమందిని కాగితము, కలముతో పరీక్షించుట కాని పని. యాప్‌ను మాత్రమే వదలియున్న సగముమంది "చెమట ఎక్కువా, తక్కువా" అను ప్రశ్నకు ఎండాకాలపు సమాధానము ఇచ్చియుందురు!

మదనపల్లె చెప్పే సంగతి

మనిషికి బదులు యంత్రము అనుట ఎప్పుడు మేలగును? దీనికి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే మంచి దృష్టాంతము కలదు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915 ప్రాంతమున క్షయరోగుల శానిటోరియం వెలసినది. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మూలపురుషుడు. ఆనాడు క్షయకు మందు లేదు. చల్లని గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, శుభ్రత, ఇవియే చికిత్స. మన రాజయక్ష్మ చికిత్సలోని బృంహణ విధానమునకు ఇది దగ్గర బంధువు. నెలల తరబడి రోగులు అక్కడనే ఉండేవారు. వారికి వండేవారు, పడకలు ఎండవేసేవారు, నడిపించేవారు, అందరికీ అది జీవనాధారము. 1950 నుండి 1955 వరకు ఆయన కుమారుడు జె. ఫ్రిమోట్ మోలర్ మదనపల్లె చుట్టుపక్కల పల్లెజనులలో క్షయవ్యాప్తిని గూర్చి జరిపిన పరిశీలన ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 1960లో వెలువడినది. పల్లెలకు పోయి ఎక్స్‌రేలు తీసి, ఆ ఫిల్ములను ఒక్కొక్కటిగా కంటితో చదివిన కాలమది.

ఆ చదువుట ఎంత కష్టమో వైద్యులకు తెలుసు. గార్లండ్ అను అమెరికా రేడియాలజిస్టు 1949లో ఒక చేదు నిజమును ప్రకటించినాడు. అనుభవజ్ఞులైన వైద్యులు కూడా రోగము కనబడుచున్న ఛాతీ ఫిల్ములలో ఇంచుమించు మూడవవంతును గమనించకుండా దాటిపోవుచున్నారని ఆయన చెప్పినాడు. అలసిన కన్ను అదే పనిని వేయిసార్లు ఒకే శ్రద్ధతో చేయలేదు. ఈ కారణము చేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక మాట స్పష్టముగా చెప్పినది: 15 సంవత్సరములు, అంతకు పైబడిన వారికి క్షయ వడపోత పరీక్షలో ఛాతీ ఎక్స్‌రేలను మనిషికి బదులు కంప్యూటరు ప్రోగ్రాము చదువవచ్చును. తోడుగా అనలేదు, బదులుగా అన్నది. ఎక్స్‌రే చదువగల వైద్యుడు లేని ఊరిలో, రాత్రి ఎనిమిదింటికి, నూరవ ఫిల్మును అలసట లేకుండా చూడగలిగిన కన్ను రోగికి మేలే గదా. ఇందుకు నేను సంతోషింతును.

ఈ తీర్పును చూచి యంత్రపక్షపాతులు తొందరపడరాదు. ఫిల్మును అనుమానించుట వరకే యంత్రము పని. ఆపైన కఫము పరీక్ష, ఆపైన నెలల తరబడి మందులు. ఇక్కడ క్షయ చరిత్రలోని మరియొక ఘట్టము గుర్తు చేయవలెను. మదరాసులో జరిపిన ప్రసిద్ధ పరిశోధన ఫలితములు 1959లో వెలువడినవి. ఇంటి వద్దనే మందులు తీసుకొన్న రోగులు శానిటోరియంలో ఉన్నవారికి తీసిపోకుండా కోలుకొనిరని అందు తేలినది. ఇక ఒక్క దెబ్బతో శానిటోరియంల అవసరము తగ్గిపోయినది. ఆరోగ్యవరము కూడ కాలక్రమమున సామాన్య వైద్యశాలగా మారినది. మాత్ర వచ్చి మంచమును, గాలిని, వంటవానిని తొలగించినది. కాని మాత్ర తనంతట తాను నోటిలోకి పోదు. కొద్దిగా నయము కాగానే మందు మానివేయు రోగులతో క్షయ మరింత మొండిదగుచున్నదని తెలిసి, ఎదుట నిలిచి మాత్ర మ్రింగించు మనిషిని ఏర్పాటు చేయవలసివచ్చినది. అనగా ఉపస్థాత వేరే వాకిటి నుండి తిరిగి వచ్చినాడు.

జెఫ్రీ హింటన్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు 2016లో, ఇక రేడియాలజిస్టులకు శిక్షణ ఆపివేయవలెనని, అయిదేండ్లలో యంత్రము వారిని మించునని చెప్పినాడు. ఆయనకు 2024లో నోబెల్ బహుమతి వచ్చినది. రేడియాలజిస్టుల అవసరము మాత్రము పోలేదు.

కంటి వెనుక ఫోటో

మధుమేహము గల పాఠకులు ఈ భాగమును శ్రద్ధగా చదువ ప్రార్థన.

మన దేశములో 10.1 కోట్ల మందికి మధుమేహము ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనము 2023లో తెల్పినది. ఈ వ్యాధి కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళములను ఉబ్బించి, కారునట్లు చేయును. నొప్పి ఉండదు. చూపు చాలనాళ్ళు బాగుగానే ఉండును. చూపు మసకబారునప్పటికి జరుగవలసిన నష్టము చాలవరకు జరిగియుండును. నాడి పట్టి దీనిని తెలుసుకొనుట నావలన కాదు, ఏ వైద్యుని వలన కాదు. కంటి వెనుక భాగమును ప్రత్యేక కెమెరాతో ఫోటో తీసి చూడవలెను. అన్ని కోట్ల కళ్ళను సంవత్సరమునకొకసారి చూచుటకు కంటి వైద్యులు చాలరు.

1976లో డాక్టరు గోవిందప్ప వేంకటస్వామి మదురైలో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి ఇక్కడ ఒక దారి చూపినది. గూగుల్ వారు కంటి ఫోటోలను చదువు యంత్రమునకు శిక్షణ ఇచ్చినపుడు లక్షా ఇరవై ఎనిమిది వేల ఫోటోలు వాడిరి. వాటిలో అరవింద్ మొదలగు భారతీయ ఆసుపత్రులవి కూడ ఉన్నవి. ఒక్కొక్క ఫోటోకు ముగ్గురు నుండి ఏడుగురు వైద్యులు విడివిడిగా తీర్పు వ్రాసిరి. ఈ ఫలితములు 2016లో వెలువడినవి. 2019లో మదురైలోనే రోగులకు వాడుట మొదలైనది. అరవింద్ వారు తిరుపతిలో కూడ 2019లో ఆసుపత్రి తెరచినారు. ఆ సంస్థ పద్ధతిలో గమనించదగినది మరియొకటి కలదు. పల్లెల నుండి వచ్చిన యువతులకు శిక్షణ ఇచ్చి, చూపు కొలుచుట, ఫోటో తీయుట మొదలగు పనులను వారి చేతికి ఇచ్చిరి. యంత్రము రాకముందే వైద్యుని పనిలో కొంత భాగము ఇట్లు చేతులు మారినది. తరువాత వచ్చిన యంత్రము ఆ యువతుల చేతులలోని కెమెరాకు తోడుగా చేరినది.

ఇదే యంత్రమును థాయిలాండులోని 11 ఆరోగ్య కేంద్రములలో పెట్టినపుడు జరిగినదానిని 2020లో పరిశోధకులే దాపరికము లేకుండా వ్రాసిరి. మొదటి ఆరు నెలలలో చూపిన 1838 ఫోటోలలో 21 శాతమును యంత్రము "స్పష్టముగా లేదు" అని త్రోసివేసినది. ప్రయోగశాలలో చీకటి గది ఉండును. ఊరి ఆసుపత్రిలో కిటికీ మూయుటకు తలుపు రెక్క ఉండదు. ఫోటో చూచి తాను చెప్పగలిగినదానిని కూడ యంత్రము నిరాకరించుటచే రోగిని వేరొక రోజు దూరపు ఆసుపత్రికి పొమ్మని చెప్పవలసివచ్చి, నర్సులు ఇబ్బంది పడిరి. యంత్రము మంచిదే. గది దానికి సిద్ధముగా లేదు. నర్సు మాటకు విలువ ఇచ్చు ఏర్పాటు ముందుగా లేదు.

తడి అడుగులు

ఇక నా వైద్యశాలలో జరిగిన సంగతి. పుత్తూరు వైపు పల్లె నుండి ఒక రైతు వచ్చినాడు. అరవై ఏండ్లకు దగ్గరి వయసు. కాళ్ళు తిమ్మిరి, అరికాళ్ళలో మొద్దుబారినట్లుండుట. చేతిలో ఒక నాడీపరీక్షా కేంద్రమువారి కాగితము. వాతప్రకోపమని, తైలాభ్యంగము చేసి రోజూ వేడినీటిలో పాదములు ఉంచి స్వేదము పట్టవలెనని అందులో ఉన్నది. పుస్తకము ప్రకారము వాతమునకు స్నేహనము, స్వేదనము సరియైన చికిత్సలే.

ఆయన బల్ల మీద కూర్చున్న తరువాత, పద్దెనిమిది సంవత్సరములుగా నా దగ్గర పనిచేయుచున్న పరిచారిక నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పినది: "అయ్యా, ఆయన నడిచిన చోట తడి ఉండాది."

"చెప్పులు విడిచి కాలు పైకి పెట్టు పెద్దాయనా" అన్నాను. అరికాలిలో బొబ్బ పగిలి, పుండై, నీరు కారుచున్నది.

"ఇది ఎప్పటి నుంచి?"

"తెలీదు సామీ. నొప్పి లేదే!"

"చక్కెర ఉందా?"

"ఉండాది సామీ, పదేండ్లాయ. మాత్ర మింగతా ఉండా, అప్పుడప్పుడూ."

"ఈ కాగితం ఇచ్చినవాళ్ళు అడగలేదా?"

"లేదు సామీ. చెయ్యి పెట్టమన్నారు, పెట్టినా."

స్వేదకర్మకు తగనివారిలో మధుమేహులను చరకుడు స్పష్టముగా చేర్చినాడు. మధుమేహముచే స్పర్శ పోయిన పాదమునకు నీటి వేడి తెలియదు. యంత్రము చెప్పినది వాతమునకు తప్పు కాదు, ఈ మనిషికి తప్పు. అది అడుగలేదు గనుక దానికి తెలియదు. దానిని నడుపువారు అడుగవలెనని అనుకొనలేదు. దర్శనము, స్పర్శనము, ప్రశ్న అను మూడు పరీక్షలలో స్పర్శనములోని ఒక చిన్న భాగమును యంత్రమునకు ఇచ్చి, మిగిలినవి మూటగట్టి పక్కన పెట్టినారు. ఆయనను ఆ పూటే ఆసుపత్రికి పంపితిని. ఒక వ్రేలు తీయవలసివచ్చినది. పాదము నిలిచినది.

మధుమేహులు రాత్రి పడుకొనబోవునపుడు అద్దము క్రింద పెట్టి అరికాళ్ళు చూచుకొనుడు. కంటిచూపు చాలనిచో ఇంటిలో పిల్లలచేత చూపించుకొనుడు. కాళ్ళకు నూనె రాసినను వ్రేళ్ళ సందులలో తడి నిలువనీయకుడు. వేడినీటిలో కాలు పెట్టుటకు ముందు వేరొకరి మోచేతితో వేడి చూపించుడు.

మిగిలిన జీతము ఎవరిది?

ఇది జరిగిన కొన్నాళ్ళకు ఒక వ్యాపార ప్రతినిధి వచ్చినాడు. రోగుల వివరములను తెర మీద వారిచేతనే నమోదు చేయించి, ప్రశ్నలను కృత్రిమ మేధయే అడిగి, సారాంశమును నా బల్ల మీదికి పంపు ఏర్పాటు ఆయన దగ్గర ఉన్నది. ప్రశ్నలు బాగున్నవి, మా పరిచారిక అడుగు ప్రశ్నలకంటె క్రమముగా ఉన్నవి. చివరకు ఆయన లెక్క కట్టి చూపినది ఆమె జీతము. సంవత్సరములో పెట్టుబడి తిరిగి వచ్చునన్నాడు. ఆ తెరకు నేల మీది తడి కనబడునా అని నేను అడిగితిని. కెమెరా కూడా పెట్టవచ్చును అన్నాడు! తెలివైనవాడే.

"తోడు" అను మాట కూడ ఎల్లప్పుడు శుభమే అనుకొనరాదు. మా బంధువుల అమ్మాయి హైదరాబాదులో చాలకాలము మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని చేసినది. అమెరికా వైద్యులు చెప్పిన మాటలు విని టైపు చేయుట ఆ పని. మన తెలుగు యువతకు ఒకప్పుడు అది మంచి ఉపాధి. తరువాత మాటలను వ్రాతగా మార్చు కంప్యూటరు వచ్చి, ఆమెకు తప్పులు దిద్దు పని మిగిల్చినది. ఉద్యోగము పోలేదు, యంత్రము తోడైనది అనిరి. వరుసకు ఇంత అని ఇచ్చు సొమ్ము మాత్రము తగ్గినది. దిద్దుటకు వినవలసినదంతయు వినవలసినదే. మందు మోతాదులో ఒక సున్న తప్పైన బాధ్యత యంత్రముది కాదు, ఆమెదే. ఇట్టి తోడును తోడు అనుటకు నాకు నోరు రాదు.

తిరుమలలో చూడుడు. వసతి గదులకు, సర్వదర్శనమునకు ముఖమును గుర్తించు పద్ధతి 2023 మార్చిలో ప్రవేశపెట్టినారు. 2025 సెప్టెంబరులో వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కృత్రిమ మేధతో నడుచు కమాండ్ కంట్రోల్ కేంద్రము ప్రారంభమైనది. ఎక్కడ రద్దీ పెరుగుచున్నదో అది కెమెరాలతో లెక్కగట్టి చెప్పును. అన్ని వేల తలలను మనిషి లెక్కించలేడు కనుక ఆ పని దానిదే కావలెను. అక్కడ నిలిచియున్న పసిబిడ్డ తల్లికి పాలు, నీరు అందించువారు 2000 సంవత్సరము నుండి వచ్చుచున్న శ్రీవారి సేవకులు. లెక్క ఒకరిది, చెంబు ఒకరిది. వైద్యశాలలో కూడా నేను కోరునది ఈ పంపకమే. అయితే సేవకులు స్వచ్ఛందముగా వచ్చువారు. జీతము మీద బ్రతుకు పరిచారిక విషయములో ఈ పంపకమును నిలబెట్టవలసినవాడు యజమాని. కొత్త యంత్రముతో గంట సమయము మిగిలిన, ఆ గంటను రోగి పాదములు చూచుటకు ఇచ్చునా, మరి పదిమంది రోగులను త్రోయుటకు ఇచ్చునా అన్నది ఆయన చేతిలో ఉన్నది.

చేతి నేర్పు

విద్యార్థుల తల్లిదండ్రులు నిజముగా భయపడవలసిన విషయము వేరొకటి. పోలండు దేశములో నాలుగు కేంద్రములలో, పెద్దప్రేగును గొట్టముతో పరీక్షించు వైద్యులకు కృత్రిమ మేధను తోడుగా ఇచ్చిరి. ప్రేగులోని చిన్న గడ్డలను అది తెర మీద చూపును. కొంతకాలమునకు, యంత్రము లేకుండా చేసిన పరీక్షలలో వారి ఫలితములను చూచిరి. పూర్వము 28.4 శాతము పరీక్షలలో గడ్డలు కనిపెట్టినవారు, యంత్రమునకు అలవాటైన పిమ్మట అది లేనపుడు 22.4 శాతము పరీక్షలలోనే కనిపెట్టిరి. ఇది 2025లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చినది. వారందరూ అనుభవజ్ఞులే. అనుభవజ్ఞుని కన్నే కొన్ని నెలలలో ఇట్లైన, ఇంకను నేర్చుకొనుచున్నవాని గతి ఏమి? తిరుపతి శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల 1983లో ప్రారంభమైన నాటి నుండి ఎందరో పిల్లలు అక్కడి ఆసుపత్రిలో రోగుల మణికట్టు పట్టి నేర్చుకొనిరి. నేర్చుకొను వయసులో ముందు యంత్రమును చూచి, తరువాత నాడి పట్టినవానికి యంత్రము చెప్పినదే వ్రేళ్ళకు తగులును.

చిత్తూరులో వైద్యము చేయుచున్న నా శిష్యుడొకడు "గురువుగారూ, నాడీయంత్రం కొనమంటారా?" అని అడిగినాడు. కొనుము నాయనా అంటిని. రెండు నియమములు పెట్టితిని. ముందు నీ వ్రేళ్ళతో చూచి, నీకు తోచినది పుస్తకములో ఎడమవైపు వ్రాయుము. ఆ తరువాతనే యంత్రమును వాడి కుడివైపు వ్రాయుము. రెండవది, నీ దగ్గరి అమ్మాయిని మాన్పించకుము. ఆయన రెండింటికీ ఒప్పుకొని కొన్నాడు. నెలకొక ఆదివారము ఆ పుస్తకము తీసుకొని తిరుపతికి వచ్చును. ఎడమ కుడి కలియని పుటలను మాత్రమే ఇద్దరమూ చూచెదము. కొన్నిచోట్ల ఆయన వ్రేలు తొందరపడినది, కొన్నిచోట్ల యంత్రము రోగి చేయి కదలుటను నాడిగా లెక్కించినది. ఎక్కువ పుటలలో మాత్రము భేదమునకు కారణము రోగి అప్పుడే భోజనము చేసి వచ్చియుండుట. ఇది తెలిసిన తరువాత ఆయన ఒక చీటీ అచ్చువేయించినాడు. తిన్నారా, ఎండలో వచ్చారా, చక్కెర ఉందా, ఏ మాత్రలు మింగుచున్నారు, పాదములు చూపండి. ఆ చీటీ నింపుట ఆ అమ్మాయి పని. అది నిండి, ఆమె సంతకము పడనిదే యంత్రము మీట నొక్కవద్దని తనకు కూడా వర్తించునట్లు గోడమీద వ్రాయించి పెట్టినాడు.